టిఫిన్‌కు ముందు ఒక మాత్ర: విశాఖలో ఒక సీఫేరర్ మెడికల్ కేసు

ఓడల మీద పనిచేసేవాళ్లకు ఫిట్‌నెస్ పరీక్షలు చేసి సర్టిఫికెట్ ఇచ్చే డాక్టర్ని నేను. మా క్లినిక్ విశాఖపట్నంలో. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదించిన డాక్టర్లే ఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. అందుకని శ్రీకాకుళం, విజయనగరం, తూర్పు గోదావరి నుంచి, ఒక్కోసారి అవతల ఒడిశాలోని గంజాం నుంచి కూడా మా దగ్గరికి వస్తారు. పొద్దున ఏడింటికల్లా బెంచీ నిండిపోతుంది. అందరూ పరగడుపున వస్తారు, అందరి చేతిలో ఒక ఫైలు ఉంటుంది, ముఖాల్లో అదే టెన్షన్.

మామూలు క్లినిక్‌కి వచ్చిన మనిషి నొప్పి ఎక్కడుందో తనే చూపిస్తాడు. మా దగ్గరికి వచ్చిన మనిషి ఒళ్లంతా నొప్పులున్నా "ఏమీ లేదు" అనే చెబుతాడు. సంతకం పడితే తొమ్మిది నెలల జీతం, పడకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఈ కేసు అలాంటి ఒక మనిషిది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చిన మనిషి

వయసు 46. ఊరు శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన. ఖనిజం లాంటి విడి సరుకు మోసే బల్క్ క్యారియర్ల మీద ఆయిలర్‌గా చేస్తాడు. అంటే ఇంజిన్ రూమ్‌లో వాచ్ అనే వంతు డ్యూటీ చూడడం, పంపులూ ఫిల్టర్లూ శుభ్రం చేయడం, రీడింగులు రాయడం, ఇంజినీర్ చెప్పిన పని అందుకోవడం. ఇరవై ఏళ్లకు పైగా సర్వీసు. రెండేళ్ల సర్టిఫికెట్ గడువు అయిపోవస్తోందని మళ్లీ వచ్చాడు. జాయినింగ్ ఇంకో తొమ్మిది రోజుల్లోనే, టికెట్ కూడా బుక్ అయిపోయింది.

మెడికల్ హిస్టరీ ఫారంలో వరసగా అన్నిటికీ "లేదు" అని టిక్కులు పెట్టాడు. సుగర్ లేదు, బీపీ లేదు, మాత్రలేవీ వాడడం లేదు. నేను మళ్లీ నోటితో అడిగాను.

"అబ్బే, ఏటీ నేదు బాబూ. గట్టిగానే ఉన్నాను."

ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 77 కిలోలు, బీపీ 134/86. కళ్లు బాగున్నాయి. మామూలు చూపును 1.0 అనుకుంటే, ఓడ నడిపే డెక్ వాళ్లకు ఒక్కో కంటికీ 0.5 ఉండాలి. ఇంజిన్ వాళ్లకు రెండు కళ్లూ కలిపి 0.4 వస్తే చాలు, ఈయనకు అంతకన్నా బాగానే వచ్చింది. రంగుల పుస్తకంలో అంకెలన్నీ టకటకా చదివేశాడు. వినికిడి పరీక్షలో పై ఫ్రీక్వెన్సీల దగ్గర కొంచెం తగ్గింది. ఇంజిన్ రూమ్‌లో ఇరవై ఏళ్లు నిలబడ్డ చెవులకు అది మామూలే, పరిమితి లోపలే ఉంది. ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే బాగున్నాయి. పరగడుపు సుగర్ 108.

అక్కడితో ఆపితే ఫిట్. కానీ మూడు చిన్న విషయాలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరాయి.

మొదటిది బరువు. మా దగ్గరున్న పాత రికార్డులో 81 కిలోలు ఉంది, ఇప్పుడు నాలుగు కిలోలు తక్కువ. "రోజూ బీచ్ మీద నడుస్తున్నానండి" అన్నాడు. అయ్యుండొచ్చు.

రెండోది హెర్నియా ఉందేమోనని చూస్తున్నప్పుడు కనిపించింది. మర్మాంగం చివర ఎర్రగా, తెల్లటి పొరతో ఫంగస్ ఉంది. అడిగితే సిగ్గుపడి, "ఎండలకి బాబూ, ఆయింట్‌మెంట్ రాస్తన్నాను" అన్నాడు. ఈ ఇన్ఫెక్షన్ సుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ.

మూడోది మూత్రం. మా ల్యాబ్ అమ్మాయి స్ట్రిప్ పట్టుకుని లోపలికే వచ్చింది. గ్లూకోజ్ గడి ముదురు గోధుమ రంగుకు తిరిగిపోయి ఉంది, మూడు ప్లస్‌లు. పరగడుపు రక్తంలో 108 ఉన్న మనిషికి మూత్రంలో అంత చక్కెర ఎలా వస్తుంది?

స్ట్రిప్ చెప్పిన మాట

రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితేనే కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదులుతాయి. అంతకన్నా తక్కువుంటే వడకట్టిన చక్కెర మొత్తాన్నీ వెనక్కి లాక్కుంటాయి. 108 దగ్గర స్ట్రిప్ రంగు మారకూడదు.

ముందు మా తప్పేమైనా ఉందేమో చూసుకున్నాం. బ్లీచింగ్ నీళ్లు తగిలిన సీసాలో శాంపిల్ పడితే గ్లూకోజ్ గడి ఉత్తుత్తినే రంగు మారుతుంది. కొత్త సీసా ఇచ్చి, కొత్త స్ట్రిప్ డబ్బా తెరిపించి మళ్లీ చూశాం. మళ్లీ మూడు ప్లస్‌లు. కీటోన్లు లేవు.

పుట్టుకతోనే కిడ్నీలో చక్కెర కారిపోయే లక్షణం కొందరికి ఉంటుంది, కానీ అది అరుదు. పైగా రెండేళ్ల కిందటి ఇదే మనిషి రిపోర్టులో మూత్రం శుభ్రంగా ఉంది. పుట్టుకతో వచ్చిందైతే అప్పుడూ కనిపించాలి.

ఇక మిగిలింది ఒక్కటే, మందు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి సుగర్ మాత్రలు పనిచేసేదే అలా. కిడ్నీలు చక్కెరను వెనక్కి లాగనీయకుండా చేస్తాయి, రోజుకు డెబ్బై గ్రాముల దాకా చక్కెర మూత్రంలో పోతుంది. బరువు తగ్గుతుంది. చక్కెర తడి ఉన్నచోట ఫంగస్ పెరుగుతుంది. మన దేశంలో 2020లో దీని పేటెంట్ అయిపోయాక ధర బాగా దిగింది, ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా విరివిగా రాస్తున్నారు. నడక, ఎండ, ఆయింట్‌మెంట్ అని ఆయన చెప్పిన మూడు కారణాలకూ బదులు ఒక్క మాత్ర సరిపోతుంది.

రూల్ ప్రకారం అక్కర్లేకపోయినా హెచ్‌బీఏ1సీ పంపించాను. పది రోజులు అన్నం మానేసి చోడంబలి (రాగి అంబలి) తాగి వస్తే పరగడుపు సుగర్ దిగొచ్చు. ఈ పరీక్ష చూపించే మూడు నెలల సగటు మాత్రం దిగదు. సాయంత్రానికి 7.8 వచ్చింది. 6.5, అంతకన్నా ఎక్కువ ఉంటే డయాబెటిస్ అంటాం.

అడగడం

ఇక్కడ డాక్టర్లు తరచూ ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. రిపోర్టు బల్ల మీద కొట్టి, "అబద్ధం ఎందుకు చెప్పావు?" అంటే మనిషి బిగుసుకుపోతాడు. లేచి వెళ్లి ఇంకో ఊళ్లో ఇంకో డాక్టర్ని వెతుక్కుంటాడు, ఈసారి ఆ మాత్ర నాలుగు రోజుల ముందే ఆపేసి వెళతాడు. అప్పుడు ఆ స్ట్రిప్ కూడా ఏమీ చెప్పదు.

తలుపు వేసి, కుర్చీ ఆయన పక్కకు లాక్కుని కూర్చున్నాను. "మీ సంతకం నా చేతిలో ఉందని భయపడకండి. రక్తంలో లేని చక్కెర మూత్రంలోకి ఒక రకం మాత్ర వల్లే వస్తుంది. ఆ మాత్రతో మీరు ఇంజిన్ రూమ్‌లోకి దిగితే నాకు రాత్రి నిద్ర పట్టదు. ఏ మాత్రలో చెప్పండి, మళ్లీ ఓడెక్కే దారి ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాను.

చాలాసేపు చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత బ్యాగు జిప్పు తీసి మల్టీవిటమిన్ అని రాసి ఉన్న ప్లాస్టిక్ డబ్బా నా బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే లోపల స్ట్రిప్పుల్లోంచి వొలిచేసిన మాత్రలు, రెండు రకాలు కలిసిపోయి ఉన్నాయి. కొన్ని చెమ్మకు మెత్తబడ్డాయి.

"పెద్దమ్మాయి ఇంజినీరింగ్ బాబూ. బాబు ఇంటర్. సుగరని తెలిస్తే కంపెనీ పిలవదని మావోళ్లంతా అన్నారు. ఏటి చేత్తాను?"

ఆ తర్వాత చెప్పినదంతా రాసుకున్నాను. పాత సర్టిఫికెట్ మీద వెళ్లిన మొదటి కాంట్రాక్ట్ ఎనిమిది నెలలు అయ్యి ఇంటికి వచ్చినప్పుడు కాళ్లు తిమ్మిరెక్కి, రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వచ్చింది. దగ్గర టౌన్‌లో పరీక్ష చేయిస్తే పరగడుపు సుగర్ 190. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. ఆ మాత్రలతో రెండో కాంట్రాక్ట్‌కి వెళ్లి ఏడు నెలలు చేశాడు. దిగి వచ్చేసరికి హెచ్‌బీఏ1సీ 9.1 ఉంటే, పాత మాత్రలకు తోడు డాపాగ్లిఫ్లోజిన్ కలిపారు. ఐదు నెలలుగా వాడుతున్నాడు.

"ఓడ మీద పని అని ఆ డాక్టర్ గారికి చెప్పారా?"

"వైజాగ్‌లో కంపెనీలో పని అని సెప్పేను బాబూ."

ఈ కేసంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఊళ్లో వైద్యం చేసిన డాక్టర్‌కి ఓడ సంగతి తెలియదు, ఓడ ఎక్కించే నాకు వైద్యం సంగతి తెలియదు. ఇద్దరం మా మా పని సరిగ్గానే చేస్తున్నాం అనుకున్నాం.

నాలుగు నుంచి ఎనిమిది వాచ్

డబ్బా చూపించాక, నేను అడక్కుండానే ఇంకొకటి చెప్పాడు. గడిచిన కాంట్రాక్ట్‌లో ఆయనది నాలుగు–ఎనిమిది వాచ్. తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. ఒక రోజు ఆరు గంటలప్పుడు నూనె శుద్ధి చేసే ప్యూరిఫయర్ దగ్గర శుభ్రం చేస్తుంటే చేతులు వణికాయి. ఒళ్లంతా చల్లటి చెమట. చేతిలో స్పానర్ జారి ప్లేట్ల మీద పడింది. ఎదురుగా ఉన్న గేజి అంకెలు రెండేసిగా కనిపించాయి. నిచ్చెన ఎక్కాలనుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టి అక్కడే కూర్చుండిపోయాడు. సెకండ్ ఇంజినీర్ వచ్చి వేడికి కళ్లు తిరిగాయనుకుని కంట్రోల్ రూమ్‌లో ఏసీ కింద కూర్చోబెట్టి, చక్కెర ఎక్కువేసిన టీ ఇచ్చాడు. పది నిమిషాల్లో మామూలైపోయాడు. ఆ టీలో చక్కెర ఆయన్ని కాపాడిందని అక్కడ ఎవరికీ తెలియలేదు.

మాత్ర ఎప్పుడు వేసుకున్నారని అడిగాను. చీటీలో "పొద్దున టిఫిన్‌కు ముందు" అని ఉంది కదా, అలాగే వేసుకున్నానన్నాడు. మూడుంపావుకి లేచేవాడు, మాత్ర వేసుకునేవాడు, ఒక బ్లాక్ టీ తాగి కిందికి దిగేవాడు. టిఫిన్ మాత్రం వాచ్ అయ్యాక ఎనిమిదింటికి.

గ్లిమెపిరైడ్ తిండి వచ్చినా రాకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. వేసుకున్న రెండు మూడు గంటల్లో దాని బలం ఎక్కువగా ఉంటుంది. ఇంట్లో ఏడున్నరకు మాత్ర, ఎనిమిదికి ఇడ్లీ. అప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఓడలో మూడుంపావుకి మాత్ర, ఎనిమిదికి తిండి, మధ్యలో నలభై డిగ్రీలు దాటిన వేడిలో ఒళ్లు వంచే పని. సుగర్ పడిపోకుండా ఎలా ఉంటుంది? అలాంటివి ఇంకో రెండు మూడు సార్లు అయ్యాయట. భయం వేసి తెల్లవారుజాము మాత్ర మానేశాడు. అందుకే దిగి వచ్చేసరికి 9.1. ఊళ్లో డాక్టర్‌కి ఇవేవీ తెలియక, మందు చాలడం లేదనుకుని ఇంకోటి కలిపారు.

ఆ ఇంకోటి కూడా ఇంజిన్ రూమ్‌కి సరిపడే మందు కాదు. ఎంతోమందికి మంచి మందే, గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తుందని నేనూ నా పేషెంట్లకు రాస్తాను. కానీ అది నీటిని కూడా మూత్రంలో లాగేస్తుంది. చెమటతో తడిసిపోయే మనిషికి, వాంతులు పట్టుకుని రెండు రోజులు తిండి లేని మనిషికి, ఇది రక్తంలో ఆమ్లం పెరిగే కీటోఅసిడోసిస్ తెచ్చిపెట్టగలదు. అందులో ఎక్కువ ప్రమాదం ఏమిటంటే, ఆ సమయంలో గ్లూకోమీటర్ దాదాపు మామూలు అంకెలే చూపించొచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే ఈ సంగతి హెచ్చరించింది. ఆస్పత్రిలో రక్తంలో కీటోన్లు, ఆమ్లం చూసి పట్టుకుంటారు. ఓడలో మందుల అలమర తాళం సెకండ్ ఆఫీసర్ దగ్గర ఉంటుంది. ఆయన నేర్చుకున్నది కొద్ది రోజుల కోర్సు. వందమంది కన్నా తక్కువ ఉన్న ఓడలో డాక్టర్ ఉండాలనే నియమం లేదు, సరుకు ఓడల్లో ఉండేది ఇరవై పాతిక మందే. బ్రెజిల్‌లో ఇనుప ఖనిజం ఎత్తుకుని చైనా వెళ్లే ఓడ నలభై రోజుల దాకా నీళ్ల మీదే ఉంటుంది. దారి మధ్యలో మనిషి పడిపోతే హెలికాప్టర్ వచ్చే దూరం కాదు.

సంతకం పెట్టకపోవడం

ఓడ మనుషుల ఫిట్‌నెస్‌కి అంతర్జాతీయంగా ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ), ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. మన దేశంలో 2000 నాటి మర్చంట్ షిప్పింగ్ మెడికల్ ఎగ్జామినేషన్ రూల్స్ ఉన్నాయి. డయాబెటిస్ ఉంటే ఓడ ఎక్కకూడదని ఆ మార్గదర్శకాలు అనవు. చాలామంది సీమెన్ అలాగే అనుకుంటారు, దాచుకోవడం అక్కడే మొదలవుతుంది. ఇన్సులిన్ లేకుండా మాత్రలతో ఉన్నవాళ్లు సుగర్ స్థిరపడేదాకా ఆగాలి. గ్లిమెపిరైడ్ జాతి మందుల వల్ల ఇబ్బంది ఉన్నవాళ్లకు ఒంటరిగా వాచ్ ఇవ్వకూడదు. స్థిరపడి, కళ్లూ కిడ్నీలూ నరాలూ గుండే బాగుంటే పూర్తి డ్యూటీకి కూడా ఫిట్ ఇవ్వొచ్చు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకే నిజంగా కఠినం.

అందుకని ఆ రోజు నేను రాసింది "తాత్కాలికంగా అన్‌ఫిట్, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష". "తాత్కాలికంగా" అనే మాట కింద గీత గీసి చూపించాను. నా నిర్ణయం నచ్చకపోతే ఇంకో స్వతంత్ర డాక్టర్ దగ్గర మళ్లీ చూపించుకునే హక్కు ఉందని కూడా చెప్పాను. ఓడ కార్మికుల హక్కుల మీద అంతర్జాతీయ ఒప్పందమైన మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ ఆ హక్కు ఇస్తోంది, మన దేశం 2015లో దాన్ని ఒప్పుకుంది.

అదే కన్వెన్షన్‌లో ఉన్న ఇంకో మాట కూడా ఆయనకు చెప్పాను, ఇది ఓడలెక్కే ప్రతి ఇంట్లో తెలియాలి. డ్యూటీలో జబ్బు చేస్తే వైద్యం ఖర్చు, జీతం ఓడ యజమాని భరించాలి. కానీ చేరేటప్పుడు కావాలని దాచిన జబ్బుకు ఆ బాధ్యత లేకుండా దేశాలు చట్టం చేసుకోవచ్చని అందులో ఉంది. పరాయి దేశపు రేవులో ఐసీయూలో పడుకుంటే ఎవరు కడతారు? "పిల్లల చదువు కోసం దాచానన్నారు. అలాంటి రోజు వస్తే ఆ చదువులే ఆగిపోతాయి" అన్నాను. ఆయన భార్య బయట బెంచీ మీదే ఉంది, పిలిపించాం. ఆవిడకు మాత్రల సంగతి ముందే తెలుసు. తలదించుకుని, "నానే డబ్బాలో పోసిచ్చాను బాబూ" అంది. ఆవిడ మీద కోపం ఎలా వస్తుంది?

మర్నాడు మధ్యాహ్నం, ఓడకు మనుషుల్ని పంపే ఏజెంట్ ఫోన్ చేశాడు. "టికెట్ అయిపోయింది డాక్టర్ గారూ, అసలు ప్రాబ్లం ఏంటండి?" తాత్కాలికంగా అన్‌ఫిట్, మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తాను, అంతవరకే చెప్పాను. జబ్బు పేరు చెప్పలేదు. సర్టిఫికెట్ మీద ఉండాల్సింది ఫిట్టా కాదా, ఏ డ్యూటీకి, ఎంత కాలానికి అనేది మాత్రమే. మిగతా కాగితాలు నా బీరువాలోవి. ఏజెంట్‌కి నా మీద కోపం వచ్చింది. రేపు ఇంకో ఆయిలర్ ఇదే సంగతి నాకు చెప్పాలంటే ఆ బీరువాకు తాళం ఉండాలి.

మూడు నెలలు

వైద్యం నేను చేయలేదు. సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరే వైద్యం కూడా చేస్తే, తన వైద్యానికి తనే మార్కులు వేసుకున్నట్టు ఉంటుంది. నాకు తెలిసిన ఫిజీషియన్‌కి ఉత్తరం రాశాను. మొదటి వాక్యంలోనే "ఈయన ఓడ మీద ఇంజిన్ రూమ్‌లో వాచ్ చేస్తాడు" అని పెట్టి, వాచ్ గంటలు, తిండి వేళలు, వేడి, డాక్టర్ లేని రోజుల లెక్క అన్నీ రాశాను. అది చదివి ఆ ఫిజీషియన్ గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ రెండూ ఆపేసి, మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్ మీద పెట్టారు. ఈ రెండూ తమంతట తాము సుగర్‌ని అంతగా కిందికి తోసేయవు. ఫంగస్ రెండు వారాల్లో పోయింది.

కంటి లోపలి పొర ఫొటో తీయించాం, బాగుంది. పాదాల స్పర్శ సన్నని నైలాన్ తీగతో చూశాను, ఎడమ బొటనవేలు దగ్గర ఒక్కచోట తగ్గింది. ఇంజిన్ రూమ్ బూట్లలో పుండు పడితే తెలియకపోవచ్చు కాబట్టి రోజూ పడుకునే ముందు అద్దంతో పాదాలు చూసుకోవాలని నేర్పాం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ బాగుంది, మూత్రంలో ప్రొటీన్ లేదు. ట్రెడ్‌మిల్ పరీక్ష ఇబ్బంది లేకుండా పూర్తి చేశాడు. చెడు కొలెస్ట్రాల్ 142 ఉంటే దానికి మాత్ర మొదలైంది.

తిండి దగ్గర కొంచెం వాదన అయింది. చోడంబలి ఎంత తాగినా సుగర్ రాదని ఇంట్లో గట్టి నమ్మకం. చోళ్లు మంచివే, కానీ పలచగా కాచిన అంబలి పెద్ద చెంబుడు తాగితే సుగర్ పెరుగుతుంది. గ్లూకోమీటర్ ఇచ్చి వాళ్ల చేతనే తాగక ముందు, తాగిన రెండు గంటలకు చూపించాను. అంకె చూశాక ఆవిడ ఇక వాదించలేదు.

ఆ మూడు నెలలూ ఆ ఇంట్లో జీతం లేదు. ఆయిలర్లకు దిగిన రోజు నుంచి జీతం ఆగిపోతుంది. అప్పు చేసి ఫీజు కట్టారు. నా ఒక్క మాటతో ఆ అప్పు పడిందని నాకు తెలుసు. అయినా అదే మాట మళ్లీ రాస్తాను.

ఫిట్

పద్నాలుగో వారంలో హెచ్‌బీఏ1సీ 6.8. ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసి పుస్తకంలో రాసుకున్న అంకెల్లో 85 కన్నా తక్కువ ఒక్కటి కూడా లేదు. మూత్రం స్ట్రిప్ శుభ్రంగా, లేత రంగులోనే ఉంది. ఇంజిన్ డ్యూటీకి ఫిట్ ఇచ్చాను. రెండేళ్లకు బదులు ఒక్క ఏడాదికే ఇచ్చాను, కొత్తగా కుదుటపడ్డ సుగర్‌ని అంతకన్నా ఎక్కువ కాలం చూడకుండా వదలకూడదని నా అభిప్రాయం.

వెళ్లే ముందు ఒక గంట కూర్చున్నాం. ఒక కాగితం మీద ఓడ రోజును గీశాం. పైన వాచ్ గంటలు, కింద మెస్ వేళలు. మాత్రలను గడియారానికి కాకుండా అన్నం పళ్లేనికి ముడి పెట్టాం. ఓడ గడియారం ముందుకీ వెనక్కీ జరిగినా పళ్లెం ముందు కూర్చున్నప్పుడే మాత్ర. వాచ్‌కి దిగే ముందు మూడుంపావుకి రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తినాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్ ఆపి, ఓఆర్ఎస్ తాగుతూ వెంటనే సెకండ్ ఆఫీసర్‌కి చెప్పాలి. ఆయన శాటిలైట్ ఫోన్‌లో డాక్టర్ని అడుగుతాడు. రోమ్‌లో సీఐఆర్ఎం అని ఒక కేంద్రం 1935 నుంచి ఏ దేశపు ఓడకైనా ఉచితంగా ఇలా సలహా ఇస్తోంది. ఇవన్నీ జరగాలంటే ఓడలో ఆయనకు సుగర్ ఉందని ఒక్కరికైనా తెలియాలి. కెప్టెన్‌కి ఇవ్వడానికి ఉత్తరం రాశాను, ఇవ్వాలా వద్దా అన్నది ఆయన ఇష్టానికే వదిలి, ఇవ్వమని గట్టిగా చెప్పాను. కాంట్రాక్ట్ తొమ్మిది నెలలు, మాత్రలు పదకొండు నెలలకు. అన్నీ స్ట్రిప్పులతోనే, ప్రిస్క్రిప్షన్‌తోనే. విటమిన్ డబ్బా మా చెత్తబుట్టలో పడేసి వెళ్లాడు.

ఒక సంగతి నా గురించి రాయాలి. రెండేళ్ల కిందట ఈయనకు ఫిట్ అని సంతకం పెట్టింది నేనే. ఆ రోజు పరగడుపు సుగర్ 118. వంద దాటితే డయాబెటిస్ గుమ్మంలో ఉన్నట్టే లెక్క. ఓడెక్కడానికి అది అడ్డు కాదు, సర్టిఫికెట్ తప్పేమీ కాదు. కానీ ఆ అంకె గురించి ఆయనకు నేను ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రోజు బెంచీ మీద ఇరవై మంది ఉన్నారు. ఐదు నిమిషాలు కేటాయించి ఉంటే, మొదటి కాంట్రాక్ట్ మధ్యలోనో దిగి వచ్చిన వెంటనేనో మా దగ్గరికే వచ్చేవాడేమో. ఇప్పుడు మా దగ్గర వంద దాటిన ప్రతి రిపోర్టు మీదా ల్యాబ్ అమ్మాయి ఎర్ర చుక్క పెడుతుంది. ఫిట్ ఇచ్చినా సరే, ఆ చుక్క ఉన్న మనిషితో మాట్లాడకుండా నేను ఫైలు మూయను. హిస్టరీ ఫారం ఇచ్చే ముందు "సుగర్ మాత్రలు వాడుతున్నంత మాత్రాన అన్‌ఫిట్ కారు" అని నోటితో చెబుతున్నాం. చెప్పడం మొదలుపెట్టాక "లేదు" టిక్కు కొట్టేసి పక్కన "ఉంది" అని దిద్దినవాళ్లను నేను చూశాను.

తొమ్మిదో నెలలో సైన్ ఆఫ్ అయి, అంటే ఓడ దిగి వచ్చాడు. ఏడాది సర్టిఫికెట్ కోసం ఇంకా వ్యవధి ఉన్నా, ముందు మా దగ్గరికే వచ్చి నూనె మరకలు పడ్డ పుస్తకం బల్ల మీద పెట్టాడు. తారీఖు, వాచ్, తిన్నది, అంకె, నాలుగు గళ్లు గీసుకున్నాడు. ఒక పేజీలో ఒక్క వరుస మాత్రం పెన్సిల్‌తో అడ్డంగా రాసి ఉంది: "తుపాను. మూడుసార్లు వాంతి. మాత్ర ఆపేను. సెకండ్ ఆఫీసర్ గారికి సెప్పేను."